బాణం గుర్తు ఎక్కడ ఆగింది?

భీమిలి నుంచి నర్సీపట్నం వెళ్లే బీఎన్ రోడ్డులో చోడవరం దాటాక వచ్చే ఊరు వడ్డాది. ఒకప్పుడు ఒడ్డాది మత్స్యవంశీకులు ఏలిన సీమ ఇది. 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనం వారిదే. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో ఈ ఊరు విశాఖ నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది. అంతకు రెండేళ్ల ముందు, లాక్‌డౌన్ కాలంలో, హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఇలాంటి సొంతూళ్లకు చేరారు. ఇంట్లోంచి ఆఫీసు కంప్యూటర్‌ను నడపడం మొదలుపెట్టాక తరచూ వినిపించిన ఫిర్యాదు ఒకటుంది: మౌస్ స్ట్రక్ అవుతోంది!

చాలాసార్లు మౌస్‌లో లోపమేమీ ఉండదు. రిమోట్ డెస్క్‌టాప్‌లో చెయ్యి ఇక్కడ కదులుతుంది, ఆ కదలిక దూరాన ఉన్న కంప్యూటర్‌కు చేరుతుంది, మారిన బొమ్మ తిరిగి ఇక్కడి తెర మీదికి రావాలి. ఈ రానూపోనూ దారిలో ఎక్కడ ఆలస్యమైనా నింద మౌస్ మీదే పడుతుంది.

ఈ దారి మొదటిసారి లోకానికి కనిపించింది 1968 డిసెంబర్ 9న. శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు వెయ్యిమంది ఎదుట డగ్లస్ ఎంగెల్‌బార్ట్ గంటన్నరసేపు మౌస్‌ను ప్రదర్శించాడు. అతని ముందు కంప్యూటర్ లేదు. అది 48 కిలోమీటర్ల అవతల మెన్లోపార్క్‌లో ఉంది, ఇంచుమించు చోడవరానికీ విశాఖకూ మధ్య ఉన్నంత దూరం. మౌస్ కదలికలు 1200 బాడ్ మోడెమ్‌ల ద్వారా అద్దెకు తీసుకున్న ఫోన్ లైన్ మీద వెళ్లాయి. తెర మీది బొమ్మ మైక్రోవేవ్ తరంగాల మీద గాల్లోంచి తిరిగొచ్చింది. అంటే మౌస్ జనంలోకి వచ్చిన మొదటి రోజే వైర్‌లెస్ మీద ఆధారపడింది. అయితే ఆ రోజు ఆ గాలి దారి అతనొక్కడిదే. ఇంకెవరితోనూ పంచుకోవలసిన అవసరం లేకపోయింది.

గాలిని పంచుకోవడంలోని చిక్కు 1971లో హవాయిలో బయటపడింది. అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్ నడిపింది. ఇద్దరు ఒకేసారి పంపితే రెండు సందేశాలూ ఢీకొని పాడైపోయేవి. అప్పుడు ఎవరికి వారు కొంతసేపు ఆగి మళ్లీ పంపాలి. ఎంతసేపు ఆగాలన్నది యాదృచ్ఛికం. 1997లో ప్రమాణంగా వచ్చిన వైఫై ముందు విని, దారి ఖాళీగా ఉంటేనే పంపుతుంది. అయినా ఆగడం, మళ్లీ పంపడం తప్పలేదు.

మనవైపు మొదట ఇబ్బంది పెట్టింది దూరం. 1980ల చివర నిక్‌నెట్ అనే ప్రభుత్వ నెట్‌వర్క్ జిల్లా కేంద్రాలను ఉపగ్రహంతో కలిపింది. ఆ ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. సంకేతం పైకెళ్లి దిగడానికి పావు సెకను, జవాబు రావడానికి మరో పావు సెకను. ఫైళ్లు పంపుకోవడానికి ఇది చాలు, మౌస్‌కు చాలదు. 1993లో మెకెంజీ, వేర్ అనే పరిశోధకులు కొలిచి చూశారు. 225 మిల్లీసెకన్ల ఆలస్యం పెడితే గురి చేరడానికి పట్టే సమయం 64 శాతం, తప్పులు 214 శాతం పెరిగాయి. ఉపగ్రహం మీద నడిచే బాణం గుర్తుకు అంతకు రెట్టింపు ఆలస్యం!

దూరం సమస్యను తగ్గించింది కరెంటు స్తంభం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసి ఫోన్లను మూగబోయేలా చేసింది. ఆ మరుసటి ఏడాది ఏర్పడిన ఏపీ ఫైబర్‌నెట్ నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ లాగింది. దాని నిర్వహణ కేంద్రం విశాఖలోనే ఉంది. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. మొదట్లో నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇచ్చారు. అదే నెలలో గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్, ఫైబర్ లాగడం కష్టమైన చోట్ల కాంతిపుంజాలతో కలిపే 2,000 లింకుల పథకం ప్రకటించింది.

గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 600 కిలోమీటర్ల తీగ మీద రానూపోనూ 6 మిల్లీసెకన్లే. మధ్యలోని యంత్రాల ఆలస్యం కలిపినా కంటికి ఆనేది తక్కువ. దాంతో ఆలస్యం ఇంట్లోకి, రౌటర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఉన్న నాలుగు గజాల గాల్లోకి వచ్చి కూర్చుంది.

ఆ గాలిని భారత ప్రభుత్వం 2005 జనవరిలో లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఉన్నది 83.5 మెగాహెర్ట్జ్ జాగా. ఒకదానిపై ఒకటి పడకుండా అందులో సర్దుకునేవి 1, 6, 11 అనే మూడు ఛానెళ్లే. పక్కింటి వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, వైర్‌లెస్ మౌస్ డోంగిల్ అన్నీ అక్కడే. దీనికి తోడు యూఎస్‌బీ 3.0 పోర్టులు వెదజల్లే రొద కూడా ఆ బ్యాండ్‌లోనే పడుతుందని 2012లో ఇంటెల్ తేల్చింది. డోంగిల్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో దూరం జరిపితే బాణం గుర్తు చురుగ్గా కదలడానికి కారణం అదే. ఇంకొకటి బ్యాటరీ పొదుపు. పొదుపులో ఉన్న వైఫై కార్డు కునుకు తీసి, రౌటర్ సుమారు 102 మిల్లీసెకన్లకోసారి పంపే సంకేతానికి లేస్తుంది. ఈలోగా వచ్చిన బొమ్మలు పోగుపడి ఒక్కసారిగా దిగుతాయి. బాణం ఆగి, ఆగి, దూకుతుంది.

ఎక్కడ ఆగిందో తేల్చే పనిముట్టు 1983 డిసెంబర్‌లో పుట్టింది. జలాంతర్గాముల సోనార్ పద్ధతిని అనుకరిస్తూ మైక్ మూస్ పింగ్ ప్రోగ్రామ్ రాశాడు. సంకేతం వదిలి, అది తిరిగొచ్చే సమయం లెక్కిస్తుంది. ముందు ఇంట్లోని రౌటర్‌కు, తర్వాత దూరాన ఉన్న ఆఫీసు సర్వర్‌కు పింగ్ కొట్టాలి. రౌటర్ దగ్గరే అంకెలు 2 నుంచి 150 మిల్లీసెకన్లకు ఎగిరెగిరి పడుతుంటే లోపం ఇంటి గాల్లోనే ఉంది. బ్యాటరీ పొదుపు ఆపాలి, 5 గిగాహెర్ట్జ్‌కు మారాలి. అది గోడలు దాటడంలో బలహీనం గనుక రౌటర్ ఉన్న గదిలోనే కూర్చోవాలి, లేదా ల్యాన్ కేబుల్ గుచ్చాలి. రౌటర్ దగ్గర స్థిరంగా ఉండి సర్వర్ దగ్గర మాత్రమే అంకెలు పెరిగితే, ఆ రెండు లెక్కలూ పక్కపక్కన ఫొటో తీసి కేబుల్ ఆపరేటర్‌కో, ఆఫీసు ఐటీ విభాగానికో పంపితే పని తేలికవుతుంది.