రాయపూర్ ప్రాంతంలో బాలల కళాభివ్యక్తి

రాయపూర్ చుట్టుపట్ల పిల్లల బొమ్మ బడిలో కాదు, ఇంటి గోడ మీద పుట్టింది. కృష్ణాష్టమికి గోడ మీద ఎనిమిది రూపాలు వరుసగా వేసే ‘ఆఠే కన్హయ్యా’, పోలా పండుగకు మట్టితో చేసే ఎద్దులు, బుల్లి వంటసామాను, దీపావళి రోజుల్లో మట్టి చిలుకను బుట్టలో పెట్టి దాని చుట్టూ తిరుగుతూ ఆడవాళ్ళు పాడే సువా పాట, ఇవన్నీ పెద్దల పక్కన కూర్చుని చేయి కలిపి నేర్చుకున్నవే. దక్షిణాన బస్తర్‌లో మురియా గోండుల ‘ఘోటుల్’ యువతీయువకులకు పాట, ఆట, అలంకారం నేర్పిన నెలవు. వెరియర్ ఎల్విన్ 1947లో దాని మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు. ఛత్తీస్‌గఢ్‌లో బడిపిల్లల కళ చరిత్ర అంటే ఈ సంపదకూ తరగతి గదికీ మధ్య తలుపు ఎప్పుడు తెరుచుకుంది, ఎప్పుడు మూసుకుంది అన్నదే.

వలసపాలనలో ఆ తలుపు దాదాపు మూసే ఉంది. సంస్థానాధీశుల పిల్లల కోసం 1882లో జబల్‌పూర్‌లో మొదలైన రాజ్‌కుమార్ కాలేజీ 1894లో రాయపూర్‌కు మారింది. ఊరికి ఆధునిక చదువు వచ్చింది. అయితే ఆ కాలపు బళ్ళలో డ్రాయింగ్ అంటే చాలాచోట్ల నమూనాకు నకలు తీయడం. చేతికీ కంటికీ అది శిక్షణే, కాదనలేం. కానీ పిల్లవాడు తాను చూసిందేమిటో చెప్పుకోవడానికి అందులో చోటు తక్కువ. ఆ రోజుల్లోనే తెలుగునాట దీనికి భిన్నంగా జరిగిన ఒక సంగతిని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే తన దగ్గరి కుర్రాళ్ళలోని చిత్రకారులను గుర్తుపట్టి వెన్నుతట్టాడు. దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్ళడానికీ, అడివి బాపిరాజు కుంచె పట్టడానికీ ఆయన ప్రోత్సాహం ముఖ్యకారణం. ఒక్క ఉపాధ్యాయుడి చూపు ఆంధ్రదేశపు చిత్రకళకు దారి వేసింది.

రాయపూర్ వైపు మలుపు 1937లో వచ్చింది. రాయపూర్ న్యాయవాది, ఒకప్పుడు ఖైరాగఢ్ బడిలో హెడ్మాస్టరుగా పనిచేసిన పండిత రవిశంకర్ శుక్లా అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్ – బేరార్‌కు విద్యామంత్రి అయ్యాడు. ఊరి భూమి మీద వచ్చే ఆదాయంతో బడి నడిచేలా ‘విద్యామందిర్’ పథకం తెచ్చాడు. అదే ఏడు వార్ధాలో గాంధీజీ ప్రతిపాదన మీద జాకిర్ హుస్సేన్ కమిటీ తయారుచేసిన మౌలిక విద్య ప్రణాళికలో చేతివృత్తితోపాటు చిత్రలేఖనానికీ సంగీతానికీ చోటు దక్కింది. వార్ధా పక్కనున్న సేవాగ్రామ్ కూడా రాయపూర్ ఉన్న ప్రావిన్సులోదే. శాంతినికేతన్‌లో చదివిన దేవీప్రసాద్ 1944 నుంచి అక్కడ పిల్లలకు చిత్రకళ నేర్పాడు. చదువుకు కళ అలంకారం కాదు, పునాది అన్నది ఆయన నమ్మకం. మౌలిక విద్యను నూలు వడికే పనిగానే గుర్తుంచుకున్న మనం ఈ రెండో ముఖాన్ని మరిచిపోవడం అన్యాయం.

1956 అక్టోబరులో ఖైరాగఢ్ రాజా బీరేంద్ర బహదూర్ సింగ్, రాణి పద్మావతీ దేవి చనిపోయిన తమ కూతురు ఇందిర పేరిట రాజభవనాన్నే ఇచ్చేయగా ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం వెలిసింది. సంగీతం, నృత్యం, చిత్రకళల కోసమే పెట్టిన ఈ విశ్వవిద్యాలయంతో, అప్పటిదాకా పెద్ద నగరాలకు పోతేగాని దొరకని కళాశిక్షణ ఛత్తీస్‌గఢ్ పల్లెల నడిమికి వచ్చింది.

అయితే ‘సొంతంగా చెప్పడం’ అంటే ఏమిటో ఈ ప్రాంతానికి తేటతెల్లం చేసింది నాటకం. హబీబ్ తన్వీర్ 1923లో రాయపూర్‌లో పుట్టి, అక్కడి లారీ మునిసిపల్ హైస్కూల్లో చదివాడు. 1954లో ఢిల్లీ చేరి బాలల రంగస్థలం కోసం నాటికలు రాశాడు. లండన్‌లో నటశిక్షణ పొంది తిరిగొచ్చి 1959లో ‘నయా థియేటర్’ స్థాపించాడు. ఛత్తీస్‌గఢ్ జానపద నాటకమైన నాచా కళాకారులను తెచ్చి ఆడిస్తే, ఊళ్ళో రాత్రంతా జనాన్ని కట్టిపడేసే ఆ నటులు తన ముందు బిగుసుకుపోయేవారు. కారణం తెలుసుకోవడానికి ఆయనకు ఏళ్ళు పట్టింది. తాను వాళ్ళచేత హిందీ మాట్లాడిస్తున్నాడు. ఇక్కడ నిలబడు, అటు నడువు అని గీతలు గీస్తున్నాడు. ఆ రెండూ మానేసి ఛత్తీస్‌గఢీలో, వాళ్ళకు తోచినట్టు ఆడనిచ్చాడు. 1973లో రాయపూర్‌లో జరిపిన నాచా శిబిరం ఆ మార్పును స్థిరపరిచింది. 1975 నాటి ‘చరణ్‌దాస్ చోర్’ 1982లో ఎడిన్‌బరోలో ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి గెలిచింది. ఆ కథనే శ్యామ్ బెనెగల్ 1975లో బాలల చలనచిత్ర సంస్థ కోసం సినిమాగా తీశాడు. ఇంటి భాషను గుమ్మం దగ్గరే విడిచి రమ్మనే ప్రతి తరగతి గదికీ తన్వీర్ అనుభవం వర్తిస్తుందని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయం.

మట్టిలో ఇలా సొంతంగా చెప్పిన మనిషీ ఉంది. ఉత్తరాన సర్గుజా జిల్లా పుహ్‌పుత్రా గ్రామంలో సోనాబాయి రజవార్ ఏ బడీ ఏ గురువూ లేకుండా, పసివాడైన కొడుకు ఆడుకోవడానికి మట్టి బొమ్మలు చేయడంతో మొదలుపెట్టి ఇల్లంతా జాలీలు, పక్షులు, మనుషులతో నింపేసింది. 1980లలో భోపాల్ భారత్ భవన్ కోసం పల్లెల్లో కళాఖండాలు సేకరిస్తున్నవారి కంటపడి జాతీయ పురస్కారం అందుకుంది. తర్వాత ఆ విద్యను ఇతరులకూ నేర్పింది.

2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడ్డాక పాఠ్యపుస్తకాల పని రాయపూర్‌లోని రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి చేతికి వచ్చింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు అందరికీ ఉండాలని చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం గణితం, సైన్సు వంటి పాఠాలను సైతం కళతో కలిపి బోధించమంది. అదే ఏడు రాష్ట్ర ప్రభుత్వం ప్రాథమిక తరగతుల్లో ఛత్తీస్‌గఢీ, గోండీ, హల్బీ వంటి ఇంటి భాషలకు చోటిస్తామని ప్రకటించింది. కేంద్రం 2015లో మొదలుపెట్టిన ‘కళా ఉత్సవ్’ ఉన్నత పాఠశాలల విద్యార్థులకు జిల్లా నుంచి జాతీయస్థాయి దాకా వేదికలు ఇస్తోంది. వేదిక మంచిదే. కానీ పోటీ ఎంపిక చేసేది కొందరినే, అదీ అప్పటికే చేయి తిరిగినవారిని. చివరి బల్ల మీద కూర్చుని ఎవరికీ చూపించకుండా బొమ్మ వేసుకునే పిల్లకు పోటీ కంటే ముందు కావలసింది ఖాళీ కాగితం, కాస్త తీరిక, తప్పు పట్టకుండా చూసే పంతులమ్మ.