పట్టీ జరిపితే మగ్గం ఆగేది

పాత షటిల్ మరమగ్గానికి ఒక పక్క, నిలబడ్డ మనిషి చేతికి అందే ఎత్తులో ఇనుప హ్యాండిల్ ఉంటుంది. దాని కింద ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఇరుసుకు బిగించింది, రెండోది ఊరికే తిరిగేది. మోటారు నుంచి వచ్చే పట్టీ వదులు చక్రం మీద ఉన్నంతసేపు మోటారు తిరుగుతూనే ఉంటుంది, మగ్గం కదలదు. హ్యాండిల్‌ను నెట్టగానే ఒక పంగ పట్టీని బిగింపు చక్రం మీదికి జరుపుతుంది. మగ్గం ఒక్కసారిగా ఊపందుకుంటుంది. వెనక్కి లాగితే పట్టీ మళ్లీ పక్కకు జరిగి మగ్గం ఆగుతుంది.

మగ్గానికి ఇదే క్లచ్. కారులో ఎడమకాలితో నొక్కే పెడల్ పనీ ఇదే. తిరుగుతున్న ఇంజన్ను ఆపకుండానే కాసేపు చక్రాల నుంచి విడదీయడం, మళ్లీ కలపడం. షోలాపూర్‌లోని సాఖర్‌పేఠ, భవానీపేఠ, అశోక్‌చౌక్ చుట్టుపక్కల తెలుగు నేత కుటుంబాల కథను ఈ హ్యాండిల్ దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. వలసల గురించి, సంఘాల గురించి, ఎన్నికల గురించి ఎంతోకొంత రాసుకున్నాం. వాళ్ల చేతుల్లోని యంత్రం ఎలా మారిందో మాత్రం సరిగా రాసుకోలేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు షోలాపూర్ దారి పట్టారు. అప్పట్లో ఆ ఊరు బొంబాయి ప్రెసిడెన్సీలో, నిజాం రాజ్యం సరిహద్దుకు దగ్గరగా ఉండేది. 1860 ప్రాంతంలోనే అక్కడికి రైలు చేరింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు మార్గం తెరుచుకోవడంతో ప్రయాణం ఇంకా సులువైంది. నూలు దొరికే ఊరు, చీరలు అమ్ముడుపోయే ఊరు. వచ్చినవాళ్లు మార్కండేయుణ్నీ బతుకమ్మనూ వెంట తెచ్చుకున్నారు. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథోత్సవం ఇప్పటికీ ఆ పేటల వీధుల్లో సాగుతుంది.

వాళ్లు తెచ్చుకున్న మరో ఆస్తి గుంటమగ్గం. దానికి ఇంజన్, ఇరుసు, క్లచ్ అన్నీ మనిషే. గుంటలో కూర్చుని కాళ్లతో చెక్కలు తొక్కితే తాళ్లు అచ్చులను కిందికీ పైకీ లాగుతాయి, పడుగు (నిలువు పోగుల వరస) రెండుగా విచ్చుకుంటుంది. ఆ సందులోంచి నాడె (షటిల్) దూసుకుపోతుంది. దువ్వెనలాంటి పన్నె వచ్చి పేకను (అడ్డపోగును) దగ్గరికి కొడుతుంది. పోగు తెగితే కాలు ఆగుతుంది, కాలు ఆగితే మగ్గం ఆగుతుంది. కాలికీ అచ్చుకూ మధ్య ఉన్నది తాడు ఒక్కటే. వానాకాలం ఆ తాడు బిగుస్తుంది, ఎండకు సడలుతుంది. రోజూ దాన్ని సరిచూసుకోవడం నేత పనిలో భాగం.

1877లో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు వచ్చింది. ఊరివాళ్లు ఇప్పటికీ దాన్ని జునీ గిరణి (పాత మిల్లు) అంటారు. తర్వాత నర్సింగ్ గిర్జీ, లక్ష్మి, విష్ణు మిల్లులు వచ్చాయి. ఆవిరి మిల్లుల పద్ధతి వేరు. ఒక్క పెద్ద ఇంజన్, పైకప్పు కింద పొడవాటి ఇరుసులు, అక్కడి నుంచి ఒక్కో మగ్గానికి దిగే తోలు పట్టీ. వందల మగ్గాలు ఒకే ఇంజన్‌తో తిరుగుతుంటే ఒక్క మగ్గాన్ని ఆపాలన్నా ఇంజన్ ఆపడం కుదరదు. వదులు చక్రం ఈ అవసరం తీర్చింది. ఆ మిల్లుల కార్మికులే 1930 మే నెలలో గాంధీజీ అరెస్టు తర్వాత వీధుల్లోకి వచ్చారు. షోలాపూర్‌లో మార్షల్ లా పెట్టారు. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ షిందే, శ్రీకిసన్ సార్డాలను 1931 జనవరి 12న ఉరితీశారు. ఆ పోరాటం గురించి ఇంకా చెప్పాలి, కానీ అది వేరే వ్యాసం.

పేటల్లోని కార్ఖానాల్లో మాత్రం చేతిమగ్గమే చాలాకాలం నిలిచింది. స్వాతంత్ర్యం వచ్చాక వాదన ఢిల్లీకి చేరింది. చేతిమగ్గాలను దశలవారీగా మరమగ్గాలుగా మార్చాలని 1954లో కానుంగో కమిటీ చెప్పింది. ఉపాధి ముఖ్యం, చేతిమగ్గానికి అండగా ఉండాలని మరుసటి ఏడాది కార్వే కమిటీ చెప్పింది. రెండో పంచవర్ష ప్రణాళికలో చేతినేత రంగానికి 35,000 మరమగ్గాలు ఇవ్వాలనుకున్నారు. 1964లో అశోక్ మెహతా కమిటీ మరమగ్గాల మీదే ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. కమిటీలు వాదించుకుంటుండగానే షోలాపూర్ పేటల్లో మోటార్లు బిగిశాయి. దుప్పట్లూ తువ్వాళ్లూ ఊరి పేరును దేశమంతా మోశాయి.

చేతిమగ్గం మరమగ్గమైనప్పుడు నేతగాడి ఒంట్లోంచి మగ్గంలోకి మారిన పనులు చాలా ఉన్నాయి. వాటిలో అతి సున్నితమైనది ఆపడం. గుంటమగ్గం మీద పేక తెగితే కన్ను చూసేది, కాలు ఆగేది. నిమిషానికి నూరుకు పైగా పేకలు పడే మగ్గం మీద కన్ను చాలదు. అందుకే దానికి స్పర్శ నేర్పారు. పేక పోగు దారిలో ఫోర్కులాంటి చిన్న తీగ ఉంటుంది. పోగు తగిలినంతసేపు అది పక్కకు వంగి తప్పుకుంటుంది. పోగు లేకపోతే వంగదు. అప్పుడు దాని కొక్కెం కింది మీటకు చిక్కి హ్యాండిల్‌ను విడిపిస్తుంది, పట్టీ వదులు చక్రం మీదికి పోతుంది. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో కెన్‌వర్తీ, బులో అనేవాళ్లు 1840ల తొలినాళ్లలో మెరుగుపరిచిన ఏర్పాటు ఇది. కార్ట్‌రైట్ మరమగ్గానికి 1785లోనే పేటెంట్ వచ్చినా, నమ్మకంగా ఆగడం నేర్చుకున్నాకే అది నిజంగా పనికొచ్చే యంత్రమైంది.

రెండో కాపలా నాడె కోసం. నాడె అవతలి పెట్టెలోకి చేరకుండా పడుగు మధ్యలో చిక్కుకుంటే, ముందుకొచ్చే పన్నె వందల పోగులను ఒక్క దెబ్బతో తెంపేస్తుంది. నాడె పెట్టెలో చేరలేదని తెలియగానే ఒక ఇనుప కడ్డీ అడ్డుపడి మగ్గాన్ని అక్కడికక్కడే నిలిపేస్తుంది. ఆ చప్పుడు ఇంటి గోడలు అదిరేంత ఉంటుంది. షెడ్డులో మామూలుగానే తొంభై డెసిబెల్స్ దాటే మోత ఉంటుంది. ఆ మోతలోనూ ఏ మగ్గం ఆగిందో, ఎందుకు ఆగిందో చెవితో పట్టగల జాబర్లు, అంటే మగ్గాలను సరిచేసే మేస్త్రీలు, పేటల్లో ఉన్నారు.

షోలాపూర్ తువ్వాలు చూడటానికి మామూలు గుడ్డ. నేత మాత్రం చాలా తెలివైనది. దానికి రెండు దోనెల పడుగు కావాలి. ఒకటి బిగువుగా ఉండే నేలపడుగు, రెండోది వదులుగా విడిచే కుచ్చుపడుగు. పన్నె మొదటి రెండు పేకలను గుడ్డ అంచుకు కొంచెం దూరంలోనే ఆపుతుంది. మూడో పేకతో మూడింటినీ కలిపి చివరిదాకా కొడుతుంది. ఆ నెట్టుడుకు వదులు పోగులు మడతపడి కుచ్చులుగా లేస్తాయి. నీళ్లు పీల్చేది ఆ కుచ్చులే. పన్నె ఎక్కడ ఆగాలో, ఎక్కడ దాటాలో నిర్ణయించే మీటలు ఒక్క దారం మందం అరిగినా కుచ్చు పొట్టిదవుతుంది, తువ్వాలు పలచబడుతుంది. దుప్పటిది ఇంకో విద్య. జకార్డు అట్టల్లో రంధ్రం ఉన్నచోట కొక్కెం లేస్తుంది, తాడు పడుగును లేపుతుంది, రెండు వైపులా నెమలి విచ్చుకుంటుంది. షోలాపురీ చద్దర్‌కూ షోలాపూర్ టెర్రీ తువ్వాలుకూ భౌగోళిక గుర్తింపు రావడం వెనుక ఈ మీటల, తాళ్ల లెక్క ఉంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన కారు క్లచ్ దగ్గరికి వద్దాం. శక్తి పెరిగితే విడదీసే ఏర్పాటునూ ఎలా మార్చుకోవాలో అక్కడా కనిపిస్తుంది. మారుతి 800లో పెడల్ నుంచి క్లచ్ దాకా పోయేది ఉక్కు తీగ, దాని చుట్టూ తొడుగు. పాత బజాజ్ చేతక్ స్కూటర్లోనూ అదే పద్ధతి, చేతితో నొక్కడమే తేడా. తీగ సాగుతుంది, తొడుగులో రాసుకుంటుంది, మలుపుల దగ్గర అరుగుతుంది. ఇంజన్ శక్తి పెంచుకున్న కార్లలో క్లచ్ పలకలు జారకుండా ప్రెషర్ ప్లేట్ స్ప్రింగులు గట్టివి వేస్తారు. దాంతో తీగ మీద బరువు పెరుగుతుంది, కాలు నొప్పెడుతుంది, ఒకరోజు తీగ తెగుతుంది. అందుకే వేగం కోరే బళ్ల యజమానులు తీగ తీసేసి నూనె పద్ధతికి మారుతుంటారు. అమెరికాలో ఫోర్డ్ మస్టాంగ్ 1979 నుంచి 2004 దాకా తీగతోనే నడిచి 2005 మోడల్‌లో హైడ్రాలిక్‌కు మారింది. అంతకు ముందరి మోడళ్లకు ఈ మార్పు చేయించుకునేవాళ్లు అక్కడ ఎందరో.

మార్పు ఇలా ఉంటుంది. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్, మధ్యలో బ్రేక్ ఆయిల్ నిండిన సన్నని గొట్టం. పాస్కల్ సూత్రం ప్రకారం ఒకచోట పెట్టిన ఒత్తిడి నూనెలో అన్నిచోట్లకూ సమానంగా పాకుతుంది. మాస్టర్ పిస్టన్ 16 మిల్లీమీటర్లు, స్లేవ్ పిస్టన్ 20 మిల్లీమీటర్లు ఉంటే బలం ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. దూరం ఆ మేరకు తగ్గుతుంది. అందుకే సిలిండర్ల కొలతలు కుదరకపోతే పెడల్ మెత్తబడుతుంది గానీ క్లచ్ పూర్తిగా విడిపోదు, గేర్ పళ్లు గీసుకుంటాయి. గొట్టంలో గాలి బుడగ మిగిలినా అంతే. నూనె నలగదు, గాలి నలుగుతుంది. పెడల్ బిగించే గోడ పలచనిదైతే అది వంగి, కాలి బలమంతా అక్కడే వృథా అవుతుంది. మంచి మెకానిక్ ముందు ఆ గోడకు ఆసరా వేస్తాడు, తర్వాతే సిలిండర్ బిగిస్తాడు.

నేత షెడ్డులో జాబర్ చేసినదీ ఇదే పని. మోటారు పెట్టడం తేలిక. పెరిగిన వేగాన్ని మగ్గం చట్రం తట్టుకుంటుందా, పట్టీ జారుతోందా, ఆపే కడ్డీ సమయానికి పడుతోందా అని చూసి సరిచేయడం అసలు పని. ఈ విద్య వాళ్లకు పాఠ్యపుస్తకంలోంచి రాలేదు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వచ్చింది.

యంత్రం మారినప్పుడు కొందరికి పని మిగలలేదన్నదీ నిజం. గుంటమగ్గం కాలంలో కండెలు చుట్టిన ఆడవాళ్ల పని యంత్రానికి పోయింది. షోలాపూర్ తెలుగు ఇళ్లలో బీడీ చాట ముందు కూర్చున్న ఆడవాళ్ల సంపాదనే చాలా కుటుంబాలను నిలబెట్టింది. నర్సయ్య ఆడం నాయకత్వంలో బీడీ కార్మిక మహిళలు కొట్లాడి సాధించుకున్న పదివేల ఇళ్ల కాలనీని 2006 సెప్టెంబరులో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. మరమగ్గాల చరిత్ర రాసేవాళ్లు ఈ ఇళ్లను వదిలేస్తే ఆ చరిత్ర సగమే.

ఇప్పుడు రేపియర్ మగ్గాలు వస్తున్నాయి. వాటికి నాడె లేదు, హ్యాండిల్ లేదు. బటన్ నొక్కితే విద్యుదయస్కాంత క్లచ్ పట్టుకుంటుంది, బ్రేక్ ఆపుతుంది. పోగు తెగిందని సెన్సార్ చెబుతుంది. పాత మగ్గాలు తుక్కు కింద, కిలోల లెక్కన అమ్ముడుపోతున్నాయి. వేగంలో, మోతలో, మనిషి ఒంటికి కలిగే అలసటలో కొత్తవే మేలు. పాతవి అలాగే నడవాలని నేను అనను.

కానీ ఒక్క మగ్గమైనా మిగలాలి. పట్టీ, వదులు చక్రం, ఫోర్కు తీగ, అడ్డుకడ్డీ అన్నీ బిగించి, నడిచే స్థితిలో, పిల్లలు హ్యాండిల్ నెట్టి చూసేలా మిగలాలి. షోలాపూర్ పద్మశాలి సంఘాలూ, అక్కడి విశ్వవిద్యాలయమూ కలిస్తే ఇది పెద్ద ఖర్చు కాదు. దానికంటే ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. ఇంకా బతికున్న పాత జాబర్లను కూర్చోబెట్టి, మగ్గాన్ని ఎలా సరిచేసేవారో వాళ్ల మాటల్లోనే, వాళ్ల తెలుగులోనే రికార్డు చేయాలి. షోలాపూర్‌లో గానీ, మరమగ్గాలను సాంచాలని పిలిచే మన సిరిసిల్లలో గానీ మీ ఇంట్లో అలాంటి పెద్దమనిషి ఉంటే, ఫోన్ తీసి ఈ ఆదివారమే మొదలుపెట్టండి.