మందును మోసే ద్రావణి, మూర్ఛ: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఔషధంలో రోగాన్ని తగ్గించే పదార్థంతో పాటు దానిని కరిగించి శరీరంలోకి చేర్చే ద్రావణి కూడా ఉంటుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావణికీ మూర్ఛకూ గల సంబంధంపై పరిశోధన ఎలా సాగిందో, ఆ సంబంధం ఎందుకు ఆలస్యంగా గుర్తింపు పొందిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ద్రావణి, అనుపానం, మూర్ఛ, ప్రొపిలీన్ గ్లైకాల్, ఫెనిటాయిన్, ఔషధ చరిత్ర.

1. ఉపోద్ఘాతం
ఆయుర్వేదంలో మందుకు తోడుగా తేనె, నెయ్యి, పాలు, వేడినీళ్లు వంటి అనుపానాన్ని చెప్పడం పరిపాటి. రోగాన్ని బట్టి, రోగిని బట్టి అనుపానం మారుతుంది. అంటే మందును మోసేది కూడా చికిత్సలో భాగమేనన్న గ్రహింపు ఆ సంప్రదాయంలో ఉంది. ఆధునిక ఔషధశాస్త్రం మాత్రం ద్రావణిని చాలాకాలం క్రియారహిత పదార్థంగానే లెక్కించింది. ఆ లెక్క తప్పినప్పుడు మూల్యం చెల్లించినవారిలో పసిపిల్లలూ కనిపిస్తారు.

2. 1937: మొదటి హెచ్చరిక
1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్‌ను డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి తీపి మందుగా అమ్మారు. ద్రావణి విషప్రభావాన్ని తయారీదారులు ముందుగా పరీక్షించలేదు. 105 మంది మరణించారు. వారిలో 34 మంది పిల్లలు. సల్ఫనిలమైడ్ నిర్దోషి, దోషి ద్రావణి. అయినా నాటి చట్టం కింద మోపగలిగిన నేరం తప్పుడు పేరు పెట్టడం ఒక్కటే, ఎందుకంటే ఆల్కహాలు లేని మందును 'ఎలిక్సిర్' అని పిలిచారు. మందు అమ్మకానికి ముందే దాని భద్రతను నిరూపించాలన్న నిబంధన 1938 చట్టంతో వచ్చింది.

3. మూర్ఛను ఆపే మందులోనే
అదే 1938లో మెరిట్, పుట్నమ్ ఫెనిటాయిన్ మూర్ఛను అదుపు చేస్తుందని ప్రకటించారు. ఇది నీటిలో సులభంగా కరగదు. అందుచేత దాని ఇంజెక్షన్‌ను 40 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్, 10 శాతం ఆల్కహాలుతో, తీవ్ర క్షారస్థితిలో తయారుచేశారు. మూర్ఛకు వాడే డయాజిపామ్ ఇంజెక్షన్‌లోనూ సాధారణంగా ఇదే ద్రావణి ఉంటుంది.

ఫెనిటాయిన్‌ను వేగంగా నరంలోకి ఎక్కిస్తే రక్తపోటు పడిపోవడం, గుండె లయ తప్పడం వైద్యులు గమనించారు. 1967లో లూయిస్, కుట్, మెక్‌డోవెల్ మందునూ దాని ద్రావణినీ విడివిడిగా పరీక్షించి, ఈ దుష్ఫలితాలలో ద్రావణికి పాత్ర ఉందని చూపారు. మందు లేకుండా ద్రావణిని మాత్రమే ఇచ్చి చూడడం ఈ పరిశోధనకు కీలకం. పెద్దలకు నిమిషానికి 50 మిల్లీగ్రాములు మించరాదన్న నియమం నేటికీ అమలులో ఉంది. ప్రొపిలీన్ గ్లైకాల్ అవసరం లేకుండా నీటిలో కరిగే ఫాస్‌ఫెనిటాయిన్‌కు అమెరికాలో 1996లో అనుమతి లభించింది.

4. ద్రావణే మూర్ఛకు కారణమా?
1978లో అరుళానందం, జెనెల్ ఒక పదకొండేళ్ల బాలుని ఉదంతాన్ని ప్రచురించారు. ప్రొపిలీన్ గ్లైకాల్‌లో కరిగించిన విటమిన్ డి తీసుకుంటున్న ఆ బాలునికి వచ్చిన మూర్ఛలకు ద్రావణినే కారణంగా వారు భావించారు. ఒక్క ఉదంతంతో కార్యకారణ సంబంధం స్థిరపడదు. విటమిన్ డి అవసరమయ్యే రోగాలలో కాల్షియం తగ్గడం వల్లనూ మూర్ఛలు రావచ్చు.

1987లో మెక్‌డొనాల్డ్ బృందం తక్కువ బరువుతో పుట్టిన శిశువులను పరిశీలించింది. నరం ద్వారా ఇచ్చే విటమిన్ల మిశ్రమం మారడంతో వారికి రోజుకు 300 మిల్లీగ్రాములకు బదులు 3 గ్రాముల ప్రొపిలీన్ గ్లైకాల్ అందింది. ఎక్కువ మోతాదు పొందిన శిశువులలో మూర్ఛలు ఎక్కువగా కనిపించాయి. ఇది యాదృచ్ఛికంగా విభజించిన ప్రయోగం కాదు. అయినా మోతాదు పదిరెట్లు మారిన చోట ఫలితమూ మారడం బలమైన సూచన.

దీనికి శారీరక కారణం ఉంది. కాలేయం ఈ ద్రావణిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. మిగిలినది మూత్రపిండాల ద్వారా పోతుంది. నవజాత శిశువులలో ఈ రెండు మార్గాలూ పరిపక్వం కావు. పెద్దలలో కొన్ని గంటల్లో సగానికి తగ్గే ద్రావణి, పసికందులలో సగటున 19 గంటలకు పైగా పడుతుందని 1983 నాటి అధ్యయనం తెలిపింది. యూరోపియన్ ఔషధ సంస్థ 2017లో రోజువారీ పరిమితిని నవజాత శిశువులకు కిలోకు 1 మిల్లీగ్రాముగా, నెల నుంచి నాలుగేళ్ల వరకు 50గా, అయిదేళ్లు, ఆ పైబడినవారికి 500గా సూచించింది.

5. మన ప్రాంతానికి ఏమి సంబంధం?
2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా పిల్లల మరణాల తరువాత కోల్డ్‌రిఫ్ దగ్గు మందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ బయటపడింది. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా ప్రజలను హెచ్చరించింది. ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ప్రొపిలీన్ గ్లైకాల్ మోతాదు మించితే ప్రమాదకరం. డైఇథిలీన్ గ్లైకాల్ దాని స్థానంలోనో దానిలో కల్తీగానో చేరే విషం. ఇది మూత్రపిండాలను దెబ్బతీసి, నాడీమండలానికీ పాకి, మూర్ఛలకూ దారితీయగలదు.

తెలంగాణ పల్లెల్లో డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారికి అది హఠాత్తుగా ఆగితే ఫిట్స్ రావచ్చు. అటువంటి రోగికి ఇచ్చే ఇంజెక్షన్‌లోనూ ఈ ద్రావణి ఉండవచ్చు. కోనరావుపేట వంటి మండలంలో రోగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి సిరిసిల్లకో, కరీంనగర్‌కో చేరేలోగా మందు పలుమార్లు పడవచ్చు. రిఫరల్ చీటీలో మందు పేరు, మోతాదు, ఇచ్చిన సమయం రాస్తేనే తరువాతి వైద్యుడు ద్రావణి మొత్తాన్ని లెక్కకట్టగలడు.

6. ముగింపు
ఫెనిటాయిన్, డయాజిపామ్ ప్రాణాలను కాపాడే మందులు. ఈ చరిత్ర వాటిని మానుకోమని చెప్పదు. మూర్ఛ ఆగకపోవడం ద్రావణి కన్నా పెద్ద ప్రమాదం. అయితే 'క్రియారహితం' అన్నది ద్రావణి స్వభావం కాదు, మోతాదునూ వయసునూ బట్టి మాత్రమే నిలిచే మాట. ఔషధ చరిత్రను రాసేవారు మందును కనుగొన్నవారి పేర్ల దగ్గరే ఆగిపోక, సీసాలోని మిగతా పదార్థాల చరిత్రనూ వెలికితీయాలి. అందుకు జిల్లా ఆసుపత్రుల కేస్ షీట్లు ముఖ్యమైన ఆధారాలు కాగలవు.