మెడికల్‌లో పోయింది

పాకాల జంక్షన్‌లో కాట్పాడి బండి కోసం నిలబడ్డవాళ్ళలో కొందరిని చూడగానే పోల్చుకోవచ్చు. చంకలో పెద్ద స్కానింగ్ కవరు ఉంటుంది. వేలూరు పెద్దాసుపత్రికి పోతుంటారు. కవరు నలగకుండా, ఎండ తగలకుండా, పసిబిడ్డను పొదివి పట్టుకున్నట్టు పట్టుకుంటారు. లోపలి నల్ల ఫిల్ములో ఏముందో వాళ్ళకు తెలీదు. తెలిసిన డాక్టరు దాన్ని లైటు ముందు పెట్టి నోరు విప్పేదాకా ఆ ఇంట్లో ఏ పనీ ముందుకు సాగదు.

మా పక్క ఇంకో కవరు కూడా ఉంది. మిలిటరీ సెలక్షన్లకూ కానిస్టేబులు ఉద్యోగాలకూ తిరిగే పిల్లోళ్ళది. "రన్నింగు కొట్టినాడు, పరీక్ష రాసినాడు, మెడికల్‌లో పోయింది." ఈ మాట వినబడని వీధి మా మండలంలో లేదు. చెప్పేటప్పుడు తల్లి గొంతు తగ్గిపోతుంది. పిల్లోడు చేసిన తప్పేమీ లేదు. అయినా ఏదో దాచుకోవాల్సిన సంగతి అయినట్టు చెబుతుంది.

2021 ఆగస్టు 1, ఆదివారం. అమెరికాలో లలిత అనే తల్లి కొడుక్కి అదే మాట ఎదురైంది. ఆ కుర్రాడి పేరు కుమార్. ఇంటిపేరు రాకర్. వయసు ఇరవై ఒకటి. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు, వాళ్ళ భాషలో పిచర్.

లలిత తల్లిదండ్రులు భారతదేశం నుంచి వలస వెళ్ళినవాళ్ళు. భర్త ట్రేసీ రాకర్ నల్లజాతి అమెరికన్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరుమోసినవాడు, 1988లో కాలేజీ ఆటలో అవుట్‌లాండ్, లొంబార్డీ అనే రెండు పెద్ద బహుమతులూ ఒకే ఏడు గెలుచుకున్నాడు, తర్వాత కోచ్ అయ్యాడు. తండ్రి నుంచి భుజాలొచ్చాయి. తల్లి వైపు నుంచి పేరొచ్చింది. మన ఊళ్ళో నలుగురు పిల్లోళ్ళను పిలిస్తే ఒకడు పలికే పేరు.

ఆ పేరును అమెరికా మొదటిసారి గట్టిగా విన్నది 2019 జూన్ 8 రాత్రి. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో కుమార్‌కు అది మొదటి ఏడు. ముందురోజు ఆటలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు వాండర్‌బిల్ట్‌ను 18–5తో ఉతికేశారు. ఇంకొకటి ఓడితే ఇంటికే. అట్లాంటి ఆటకు పంతొమ్మిదేళ్ళ కుర్రాడి చేతికి బంతిచ్చారు. అతడు 131 బంతులు విసిరాడు. తొమ్మిది ఇన్నింగ్సుల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా హిట్ కొట్టలేదు. పంతొమ్మిది స్ట్రైకౌట్లు, అంటే పంతొమ్మిది సార్లు బ్యాటరు అతడి బంతుల్ని ఆడలేక అవుటయ్యాడు. వాండర్‌బిల్ట్ 3–0తో గెలిచింది. క్రికెట్ చూసే మనకు చెప్పాలంటే, ఒకే బౌలరు మొత్తం ఇన్నింగ్స్ వేసి, బ్యాటుకు బంతి సరిగ్గా తగలనివ్వకపోవడం లాంటిది. వేగంగా వచ్చి చివరి గజంలో పక్కకు జారి కిందికి పడే అతడి స్లైడర్‌ను ఆ రాత్రి ఎవరూ పట్టలేకపోయారు. ఆ నెలలోనే వాండర్‌బిల్ట్ జాతీయ విజేత అయింది. ఆ పోటీలో మేటి ఆటగాడు కుమారే.

రెండేళ్ళ తర్వాత, 2021 జూలై 11న డ్రాఫ్టు జరిగింది. ఇది ఐపీఎల్ వేలం లాంటిది కాదు. వేలంలో పది మంది చేతులెత్తితే ధర పెరుగుతుంది. డ్రాఫ్టులో క్లబ్బులు వంతులవారీగా ఒక్కొక్కణ్ణి ఎంచుకుంటాయి. ఎంచుకున్న క్లబ్బుతో తప్ప ఇంకెవరితోనూ ఆ కుర్రాడు మాట్లాడుకోకూడదు. తనకు నచ్చిన క్లబ్బుతో ఒప్పందం రాసుకునే స్వేచ్ఛ ఆ ఆటలో ఏళ్ళ తరబడి ఆడాక గానీ రాదు. పదో వంతు న్యూయార్క్ మెట్స్‌ది. వాళ్ళు కుమార్‌ను ఎంచుకున్నారు. ఆ వంతుకు కట్టిన రేటు 47,39,900 డాలర్లు. మాట కుదిరింది మాత్రం 60 లక్షల డాలర్లకు, మన డబ్బులో రమారమి 44 కోట్లు. మిగిలింది డాక్టరు దగ్గరికి వెళ్ళి రావడం, సంతకం.

డాక్టరు దగ్గరే ఆగిపోయింది. చేతి పరీక్షల్లో కనిపించినదేదో మెట్స్ ఆఫీసుకు నచ్చలేదు. కుమార్ తరఫు ఏజెంటు స్కాట్ బోరస్, ఆ ఆటలో క్లబ్బులు భయపడే మనిషి, వేరే డాక్టర్లు చూశారు, చెయ్యి బాగానే ఉందన్నారని వాదించాడు. రోజులు గడిచాయి. ఆగస్టు 1 సాయంత్రం అయిదింటికి గడువు. అయిదయింది. తక్కువ రేటుకైనా రా అన్న మాట కూడా మెట్స్ నుంచి రాలేదు.

ఇక్కడ ఒక నిబంధన గురించి చెప్పాలి, ఈ కథకు ముడి అందులోనే ఉంది. డ్రాఫ్టుకు ముందే ఎంఆర్ఐ తీయించుకుని క్లబ్బులకు చూపించే ఏర్పాటు ఒకటి అప్పట్లో ఉండేది. దానికి ఒప్పుకున్న ఆటగాడికి క్లబ్బు కనీసం రేటులో నూటికి నలభై ఇవ్వజూపాల్సి ఉండేది. చూపకపోతే అతడికి పూర్తి స్వేచ్ఛ, ఎవరితోనైనా సంతకం చేసుకోవచ్చు. కుమార్ ఆ ఎంఆర్ఐ ఇవ్వలేదు. కాబట్టి మెట్స్ పైసా చూపకుండా పక్కకు తప్పుకోగలిగింది. పైగా పరిహారంగా మరుసటి ఏడు పదకొండో వంతు దక్కింది. కుర్రాడికి మాత్రం ఆ ఏడు పోయింది. వేరే క్లబ్బు తలుపు తట్టే హక్కు కూడా లేదు, వచ్చే జూలై దాకా ఆగాలి. నష్టపోయిన క్లబ్బుకు పూచీ ఉంది, నష్టపోయిన కుర్రాడికి లేదు. నన్ను ఇప్పటికీ కలిచివేసేది ఇదే.

ఆ రోజే మెట్స్ యజమాని స్టీవ్ కోహెన్ ట్విట్టర్‌లో లెక్క చెప్పాడు: డ్రాఫ్టులో వచ్చే ఆటగాడి విలువ క్లబ్బుకు రేటు మీద అయిదింతల దాకా ఉంటుందట, అంత రాబడి తెచ్చే పెట్టుబడికి తానెప్పుడూ వెనకాడనట. ఆ మాట ఎవరి గురించో ఊరందరికీ తెలుసు. ఇంట్లో కూర్చున్న ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడికీ తెలుసు.

మెట్స్ ఆఫీసులో అప్పటికి కుర్చీలే కుదురుగా లేవు. 2020 డిసెంబరులో పెట్టుకున్న జనరల్ మేనేజర్ జారెడ్ పోర్టర్‌ను జనవరిలోనే తీసేశారు. కుమార్ సంగతి తేల్చినప్పుడు ఉన్నది తాత్కాలిక మేనేజర్ జాక్ స్కాట్. నవంబరుకల్లా అతడూ పోయి బిల్లీ ఎప్లర్ వచ్చాడు. ఏడాది తిరక్కముందే ముగ్గురు. కుమార్ మీద ఉండిపోయిన "మెడికల్‌లో పోయినవాడు" అన్న ముద్ర మాత్రం ఏ కుర్చీతోనూ పోలేదు.

సెప్టెంబరులో భుజానికి చిన్న ఆపరేషన్ చేయించుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. నెలల తర్వాత, మళ్ళీ డ్రాఫ్టు దగ్గర పడ్డాక గానీ ఆ సంగతి బయటికి రాలేదు.

2022 వేసవిలో అతడు తేలిన చోటు ట్రాయ్. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున చిన్న ఊరు. అక్కడ ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే జట్టు ఉంది. ఫ్రాంటియర్ లీగ్‌లో ఆడుతుంది. పెద్ద క్లబ్బుల కిందికి రాని లీగు అది, ఎక్కడా చోటు దొరకనివాళ్ళు ఇంకొక్క అవకాశం కోసం చేరే చోటు. ఆ జట్టు మేనేజర్ అప్పట్లో పీట్ ఇంకవిలియా. 1985లో మాంట్రియల్ క్లబ్బు డ్రాఫ్టులో ఎంచుకుంటే, వాళ్ళ కింది జట్ల నుంచి మొదలుపెట్టనని మొండికేసి, తనను టెక్సస్ రేంజర్స్‌కు బదిలీ చేయించుకున్న మనిషి. అతడి దెబ్బకు, ఎంచుకున్న కుర్రాణ్ణి ఏడాది దాకా బదిలీ చేయకూడదని రూలే పెట్టారు. డ్రాఫ్టుతో తగువు పడిన ఆ పాతమనిషి ముందు, డ్రాఫ్టు విసిరేసిన కొత్త కుర్రాడు బంతి పట్టుకుని నిలబడ్డాడు.

జూన్‌లో మొదలుపెట్టి అయిదు ఆటలు ఆడాడు. ఇరవై ఇన్నింగ్సులు, 32 స్ట్రైకౌట్లు, ఊరికే బేస్‌కు పంపినవాళ్ళు నలుగురే. నెట్ వెనకాల వేగం కొలిచే గన్నులు పట్టుకుని పెద్ద క్లబ్బుల మనుషులు కూర్చున్నారు. ఫిల్ములో ఏముందో పక్కనపెట్టండి, చెయ్యి ఏం చేస్తుందో చూడండి అని ప్రతి బంతితోనూ చూపించాడు. ఆ చిన్న మైదానంలో గడిచిన ఆ కొన్ని వారాలు, పంతొమ్మిది స్ట్రైకౌట్ల రాత్రి కంటే పెద్దదని నా నమ్మకం. ఆ రాత్రి దేశం వెనకుంది. ట్రాయ్‌లో అతడి వెనక ముద్ర తప్ప ఏమీ లేదు.

చూస్తున్న క్లబ్బుల్లో టెక్సస్ రేంజర్స్ ఒకటి. వాళ్ళ అప్పటి జనరల్ మేనేజర్ క్రిస్ యంగ్‌ను 2020 డిసెంబరులో తెచ్చుకున్నారు. ఆరడుగుల పది అంగుళాల మనిషి, ప్రిన్స్‌టన్‌లో చదివినవాడు, ఆఫీసులోకి రాకముందు పిచర్. 2011లో అతడి భుజం లోపలి పొర చిరిగింది. అప్పుడతడు ఆడుతున్నది మెట్స్‌కే. కోయించుకుని, మళ్ళీ నేర్చుకుని, మళ్ళీ కోయించుకుని, 2015లో ఆ ఆట ఫైనలైన వరల్డ్ సిరీస్ దాకా వచ్చాడు. కాన్సస్ సిటీ తరఫున తొలి ఆట 14 ఇన్నింగ్సులు సాగితే చివరి మూడు వేసి గెలిపించింది అతడే. ఓడిన జట్టు మెట్స్. కుమార్ భుజం రిపోర్టు తెల్లకోటు వేసుకున్నవాళ్ళు చాలామంది చదివారు. అదే నొప్పి పడినవాడు ఇప్పుడు చదివాడు.

యంగ్‌కు ఇంకో లెక్కా ఉంది. ముందు శీతాకాలంలో రేంజర్స్ ఇద్దరు స్వేచ్ఛా ఆటగాళ్ళను తెచ్చుకున్నారు: కోరీ సీగర్‌ను పదేళ్ళకు 32 కోట్ల 50 లక్షల డాలర్లకు, మార్కస్ సెమియన్‌ను ఏడేళ్ళకు 17 కోట్ల 50 లక్షల డాలర్లకు. అట్లా తెచ్చుకున్నందుకు 2022 డ్రాఫ్టులో రెండో, మూడో రౌండు వంతులు వదులుకోవాల్సి వచ్చింది. చేతిలో ఉన్న మొదటి వంతుతోనే డబ్బు మిగల్చాలి.

2022 జూలై 17, లాస్ ఏంజెలెస్. మూడో వంతు రేంజర్స్‌ది. కుమార్ పేరు చదివారు. చాలామంది ఊహించలేదు. ముందటేడు పదో స్థానంలో పోయినవాడు, మెడికల్‌లో పోయినవాడు, మూడో స్థానానికి ఎక్కాడు. ఆ వంతు రేటు దాదాపు 76 లక్షల డాలర్లయితే 52 లక్షలకు సంతకం చేశాడు, మనకు 41 కోట్లు. మిగిలిన డబ్బుతో రేంజర్స్ నాలుగో రౌండులో బ్రాక్ పోర్టర్ అనే హైస్కూలు పిచర్‌ను 37 లక్షలకు తెచ్చుకున్నారు. వాండర్‌బిల్ట్‌లో కుమార్ పక్కన నిలబడి బంతులేసిన జాక్ లైటర్‌ను వాళ్ళు ముందటేడే తీసుకున్నారు. 2021లో ఇద్దరూ చెరి 179 స్ట్రైకౌట్లు తీసిన జోడీ. మళ్ళీ ఒకే జెండా కిందికి చేరారు.

అదే ఏడు మార్చిలో క్లబ్బులకూ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన కొత్త ఒప్పందంలో రూలు మారింది. ముందే పరీక్షకు ఒప్పుకున్న కుర్రాణ్ణి ఎంచుకుంటే, తర్వాత రేటులో నూటికి 75 ఇవ్వజూపి తీరాలి. ఒక కుర్రాడి ఏడాది పోయి, వెనక వచ్చేవాళ్ళకు ఆ గోడ లేచింది.

కథ ఇక్కడ కంచికి పోలేదు. 2023 మేలో మోచేతి లిగమెంటు తెగింది. దాన్ని సరిచేసే టామీ జాన్ ఆపరేషన్ జరిగింది. మెట్స్ డాక్టర్లు చెప్పింది నిజమే కదా అన్నారు కొందరు. అనొచ్చు. బంతి విసిరే చెయ్యి తెగడం ఆ ఆటలో మామూలే. దాన్ని కట్టి మళ్ళీ నిలబెట్టే ఓపిక ఎవరికుందన్నది నాకు ముఖ్యం. ఆ నవంబరు 1న రేంజర్స్ తమ చరిత్రలో తొలిసారి వరల్డ్ సిరీస్ గెలిచారు. కుమార్ ఆ జట్టులో లేడు, చెయ్యి కోలుకుంటూ ఉన్నాడు.

2024 సెప్టెంబరు 12, సియాటల్. అక్కడ సాయంత్రం, పాకాల స్టేషన్‌లో మర్నాటి పొద్దు. కాట్పాడి వైపు పోయేవాళ్ళు కవర్లు పట్టుకుని వస్తుండే వేళ. వీపు మీద 80 అంకెతో కుమార్ రాకర్ మిట్ట మీదికి నడిచాడు. ఇరవై నాలుగేళ్ళు. భుజానికి ఒక కోత, మోచేతికి ఒక కోత. నాలుగు ఇన్నింగ్సులు వేశాడు. మూడు హిట్లు, ఒక్క పరుగు, ఏడు స్ట్రైకౌట్లు. రేంజర్స్ 5–4తో గెలిచారు.