ఓరుగల్లు శిలలు: పర్వతాల పుట్టుక

ఓరుగల్లు అంటే ఒంటి రాయి. సంస్కృతంలో ఏకశిలానగరం. వరంగల్ కోట లోపలి గుట్టే ఆ పేరుకు మూలం. కాకతీయులకు అది శత్రువు రాకను చూసే ఎత్తైన చోటు. భూశాస్త్రానికి మాత్రం ఒక పాత పర్వతసీమ లోపలి భాగం.

ఈ ప్రాంతపు గ్రానైట్, నైస్ శిలల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆనాటి భూఫలకాలు ఒకదాని కిందికి మరొకటి దూరుతూ, చివరికి అతుక్కుపోతున్నప్పుడు లోపల కరిగిన శిలాద్రవం కిలోమీటర్ల లోతున మెల్లగా చల్లారి ఈ గ్రానైట్ అయిందన్నది ఎక్కువమంది భూశాస్త్రవేత్తల అభిప్రాయం. చల్లారడం అంత నిదానంగా సాగబట్టే కంటికి కనిపించేంత పెద్ద స్ఫటికాలు కట్టాయి. దాని నెత్తిన ఉన్న మందమంతా వానకూ గాలికీ అరిగిపోయాకే మనకీ గుట్టలు బయటపడ్డాయి. ఉత్తరాన కరీంనగర్ వైపున్న గ్రాన్యులైట్లు ఇంకా లోతు సంగతి చెబుతాయి. అవి 700 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో రూపు మారిన రాళ్లు.

తరువాత గ్రానైట్ పగుళ్లలోకి నల్లని డోలరైట్ ఎగదన్ని గోడల్లా నిలిచింది. 1213 నాటి రామప్ప గుడి ఎర్రని ఇసుకరాతిది. దాని చూరు కింద నిలిచిన మదనికల శిల్పాల నునుపు మాత్రం అలాంటి నల్లరాతిది. ఏ రాయి ఉలికి ఎలా లొంగుతుందో ఆ శిల్పులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో!

పాకాల చెరువు పేరుతోనే పిలిచే పాఖాల్ శిలలు ఆ గ్రానైట్ మీద పేరుకున్న పాత నీటి అడుగు మేటలు. భూశాస్త్రవేత్త విలియం కింగ్ 1881లో ప్రాణహిత–గోదావరి లోయ గురించి వెలువరించిన గ్రంథంలో వీటిని వివరించాడు.

ఆ తరువాతి పెద్ద ఢీ తూర్పున జరిగింది. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట, ఇవాళ తూర్పు అంటార్కిటికాలో ఉన్న భూభాగం మన తూర్పు కనుమల అంచును ఒత్తింది. హిమాలయాల కింద ఇప్పుడు జరుగుతున్నదీ అలాంటిదే. నేల మందమవుతుంది, అడుగున ఒత్తిడీ వేడీ పెరుగుతాయి, బంకమట్టిలోని ఖనిజాలు అభ్రకంగా, ఆపై గార్నెట్‌గా, సిల్లిమనైట్‌గా మారతాయి. కనుమల్లోని ఖొండలైట్ ఒకప్పటి బురదే. దానికా పేరు 1902లో కోంధు గిరిజనుల పేరు మీదుగా వచ్చింది.

కనుమలకు ఇవతల, కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్టలోనూ అలా రూపు మారిన శిలే ఉంది. దానిలో గార్నెట్‌తో పాటు ఎక్కువ ఒత్తిడిలో పుట్టే కయనైట్ కనిపిస్తుంది. రాయి శిథిలమయ్యేకొద్దీ ఎర్రని గార్నెట్ గింజలు మట్టిలోకి రాలతాయి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో దొరికిన ప్రాచీన గార్నెట్ పూసలకు ముడిసరుకు ఈ గుట్టదేనని రసాయన పరీక్షలు సూచించాయి.