మనిషి దక్కిన తరువాత

1850ల్లో దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో వాల్పరైసో రేవుకూ రాజధాని శాంటియాగోకూ మధ్య ఆరు గుర్రాల బండ్లు తిరిగేవి. దూరం సుమారు 160 కిలోమీటర్లు, ప్రయాణం పదమూడు గంటలు, దారంతా గుంతలు. బండి తోలేవాడు తెల్లవారకముందే లేవాలి. గుర్రాలకు మేత పెట్టి, బండికి పూన్చి, ప్రయాణికుల సామాను ఎక్కించి, ఛార్జీలు వసూలు చేసుకోవాలి. ఆ పైన దారి పొడవునా ఆరు గుర్రాల పగ్గాలనూ వేళ్ల మధ్య విడివిడిగా పట్టుకుని నడపాలి. తనది కాని దేశంలో, తనది కాని భాష మధ్య ఏళ్ల తరబడి ఆ కొలువు చేసినవాడి పేరు ఫినియస్ గేజ్. అతనికి ఎడమ కన్ను కనిపించదు. నడినెత్తిన ఎముక పూడని చోట వేలు పెడితే మెదడు అదురు తెలిసేది.

వైద్య విద్యార్థులు గేజ్‌ను ఎరిగింది మరో కథలో. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, కావెండిష్ ఊరి దగ్గర, రైలుమార్గం కోసం బండలు పేలుస్తున్నారు. మందు కూరుతుండగానే అంటుకుంది. మూడున్నర అడుగుల పొడవు, ఆరు కిలోల బరువున్న ఇనుప గడ పాతికేళ్ల మేస్త్రీ గేజ్ ఎడమ చెంప కింద దూరి, నడినెత్తిన బయటికి వచ్చి, దూరంగా ఎగిరిపడింది. మనిషి మాత్రం బతికాడు. వైద్యం చేసిన జాన్ హార్లో అతని మార్పును రాసిపెట్టాడు. పనిలో దిట్ట అని పేరున్న మేస్త్రీకి ఇప్పుడు నోరు దురుసు, నిలకడ సున్నా. వేసుకున్న ఆలోచన వేసుకున్నట్టే వదిలేసేవాడు. కాంట్రాక్టర్లు మళ్లీ పనిలో పెట్టుకోలేదు. పాఠ్యపుస్తకాలు చాలాకాలం ఇక్కడితో ఆగిపోయాయి, చెడిపోయిన మనిషికి ఉదాహరణగా గేజ్‌ను వాడుకున్నాయి.

మిగిలిన కథను ఆస్ట్రేలియా మనస్తత్వవేత్త మాల్కమ్ మెక్‌మిలన్ పాత కాగితాలు తవ్వి వెలికితీశాడు. గేజ్ ముందు ఒక గుర్రాలశాలలో సుమారు ఏడాదిన్నర పనిచేశాడు. 1852లో చిలీ వెళ్లి దాదాపు ఏడేళ్లు బండి తోలాడు. అక్కడ అతన్ని బాగా ఎరిగిన ఒక వైద్యుడు, మనిషి ఆరోగ్యంగా ఉన్నాడనీ, బుద్ధిలో లోపం కనిపించలేదనీ సాక్ష్యం చెప్పాడు. మెక్‌మిలన్ వివరణ ఇది: రోజూ అదే వేళ, అదే దారి, ఒకదాని వెంట ఒకటిగా తప్పనిసరి పనులు, మర్యాదగా మాట్లాడక తప్పని ప్రయాణికులు. పేలుడులో పోయిన క్రమాన్ని ఆ కొలువు బయటి నుంచి అందించింది. తరువాతి కాలంలో పునరావాస కేంద్రాలు పనిగట్టుకుని కల్పించినదే గేజ్‌కు గుర్రాల మధ్య అనుకోకుండా దొరికింది. 1860లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మూర్ఛలతో అతను చనిపోయాడు. ఆ మరణం కన్నా ఆ ఏడేళ్ల కొలువే ఎక్కువగా చెప్పుకోదగ్గది.

గేజ్ గాయం కంటికి కనిపించేది. కానీ పుట్టుకతో కాకుండా, ప్రమాదం వల్లనో, పక్షవాతం వల్లనో, మెదడువాపు వల్లనో, కాసేపు ప్రాణవాయువు అందకనో పెద్దయ్యాక మెదడుకు కలిగే గాయం చాలాసార్లు పైకి కనిపించదు. మనిషి నడుస్తాడు, నవ్వుతాడు, పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడు. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మాత్రం గుర్తుండదు. లేచి స్నానం చేయాలన్న తలంపు తనంత తానుగా పుట్టదు. నలుగురు ఒకేసారి మాట్లాడితే తల తిరిగిపోతుంది. ఇంట్లోవాళ్లు ‘మునుపటి మనిషి కాదండీ’ అంటారు. స్నేహితులు మొదట్లో వస్తారు, పోనుపోను మానేస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధం ఇలాంటివాళ్లను వేల సంఖ్యలో తెచ్చిపెట్టింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుర్ట్ గోల్డ్‌స్టైన్ అనే నాడీవైద్యుడు తలకు తూటాలు తగిలిన జర్మన్ సైనికుల కోసం ఒక సంస్థ నడిపాడు. ఆస్పత్రి, మనస్తత్వ పరీక్షాశాల, బడి, చేతిపనుల శాలలు, అన్నీ ఒక్కచోటే. గది నాలుగు గోడల మధ్య చేసే పరీక్ష మనిషి సత్తాను సగమే చెబుతుందనీ, అసలు సంగతి పనిలో పెడితేనే తెలుస్తుందనీ అతని నమ్మకం. అతను గమనించినవాటిలో ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. గాయపడిన సైనికుల అల్మరాలు అద్దంలా సర్ది ఉండేవి. ప్రతి వస్తువుకూ ఒక చోటు, అంగుళం అటూ ఇటూ జరగకూడదు. చిన్న లెక్క తప్పితే చాలు, వాళ్లు వణికిపోయేవారు, కోపంతోనో ఏడుపుతోనో కుప్పకూలేవారు. ఆ కూలిపోవడాన్ని తప్పించుకోవడానికే అంత పొందిక అని గోల్డ్‌స్టైన్ గ్రహించాడు. మనిషిని మార్చలేని చోట అతని చుట్టూ ఉన్న పరిసరాన్ని మార్చాలన్న ఆలోచన అక్కడ గట్టిపడింది. యూదుడైన గోల్డ్‌స్టైన్‌ను 1933లో నాజీలు జైల్లో పెట్టారు. దేశం విడిచిపోతానన్న మాట మీద వదిలారు. ఆయనతో పాటు ఆ అనుభవమూ అమెరికా చేరింది.

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఉదాహరణ ఇందుకు పూర్తిగా ఎదురు దిశలో ఉంది. 1943 మార్చిలో స్మోలెన్‌స్క్ ప్రాంతంలో ఇరవైమూడేళ్ల సోవియట్ సైనికుడు జాసెట్‌స్కీ తలలోకి తూటా ముక్క దూసుకుపోయింది. కుడి ఎడమలు తెలియవు, చదవలేడు, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. ఉరల్ పర్వతాల దగ్గరి ఆస్పత్రిలో నాడీమనస్తత్వవేత్త అలెగ్జాండర్ లూరియా బృందం అతన్ని చేరదీసింది. ఒక్కో అక్షరాన్నీ గుర్తుచేసుకుంటూ రాయబోయి ఓడిపోతున్న అతనితో ఒకనాడు అక్కడి వైద్యుడు, అక్షరాల సంగతి వదిలేసి చెయ్యి ఎత్తకుండా మాటంతా ఒక్క ఊపున రాయమన్నాడు. చెయ్యి రాసింది! తాను రాసింది తాను చదవలేడు, అయినా రాయగలడు. ఆ తరువాత పాతికేళ్లు తల్లి ఇంట్లో బల్ల ముందు కూర్చుని, రోజంతా కష్టపడి నాలుగు వాక్యాలో పది వాక్యాలో కూర్చుకుంటూ, మూడు వేల పేజీలు రాశాడు. 1971లో లూరియా వాటి నుంచి ఒక పుస్తకం వెలువరించాడు. నాడీశాస్త్రంలో అంత పేరున్న పుస్తకాలు తక్కువ. అయితే ఆ పేజీల నిండా ఉన్నది ఒకే ఆరాటం, మళ్లీ నలుగురికి పనికిరావాలని. ఊళ్లో జరిగే మాటల్లో, ఆటపాటల్లో, పనుల్లో అతనికి చోటు లేకపోయింది. అతని పట్టుదలను లోకం మెచ్చుకుంది, ఒంటరితనాన్ని మాత్రం పెద్దగా పట్టించుకోలేదు.

అదే యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ హ్యూస్ అనే ఆడపిల్లల కాలేజీ తలగాయాల సైనిక ఆస్పత్రిగా మారింది. 1940 నుంచి 1945 దాకా అక్కడ దాదాపు 13,000 మంది చికిత్స పొందారు. దాన్ని నిలబెట్టిన శస్త్రవైద్యుడు హ్యూ కేర్న్స్. 1935లో మోటారు సైకిల్ మీంచి పడ్డ ప్రసిద్ధ బ్రిటిష్ సైనికాధికారి ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ను కాపాడలేకపోయినవారిలో కేర్న్స్ ఒకరు. ఆ మరణం ఆయన్ను వదల్లేదు. హెల్మెట్ ప్రాణం నిలుపుతుందని లెక్కలు తీసి 1941లో ప్రచురించాడు. ఆ ఏడాది చివరికల్లా బ్రిటిష్ సైన్యం మోటారు సైకిల్ నడిపేవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఈనాడు హైదరాబాద్ కూడలిలో పోలీసు ఆపి అడిగే హెల్మెట్‌కు మూలాలు వెతికితే ఆ పనిదాకా వెళ్లాలి.

శాంతికాలం వచ్చాక సైనికుల స్థానంలో మోటారు ప్రమాదాల బాధితులు వచ్చారు. 1971లో లండన్ శివారు ఆస్పత్రిలో మొదటి సీటీ స్కాన్ తీశారు. 1974లో గ్లాస్గో వైద్యులు స్పృహ లోతును కొలిచే పట్టిక ఇచ్చారు. అంతకు పది పదిహేనేళ్ల ముందైతే రాత్రి గడవదనుకునేవాళ్లు ఇప్పుడు ఇంటికి రాసాగారు. వచ్చాక ఏమిటన్న ప్రశ్నకు మాత్రం ఆస్పత్రి దగ్గర జవాబు లేకపోయింది. గ్లాస్గోలోనే నీల్ బ్రూక్స్ అనే పరిశోధకుడి బృందం బాధితుల బంధువులను ఏళ్ల తరబడి కలిసింది. 1986లో చెప్పిన సంగతి కలవరపెట్టింది: ఇంట్లోవాళ్ల భారం మొదటి ఏడాది కన్నా ఐదో ఏడు నాటికి పెరిగింది. కుంగదీసింది చేయి పడిపోవడమో కాలు ఈడ్వడమో కాదు, స్వభావం మారిపోవడం.

అందుకే తరువాతి అడుగు వైద్యులది కాదు, ఇళ్లది. 1979లో బ్రిటన్‌లో బాధితుల కుటుంబాలు, కొందరు వైద్య నిపుణులు కలిసి హెడ్‌వే అనే సంస్థ పెట్టుకున్నారు. 1980లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మార్లిన్ స్పివాక్ అనే తల్లి, కారు ప్రమాదంలో కూతురికి తగిలిన గాయం తరువాత తనలాంటి తల్లిదండ్రులను కూడగట్టి జాతీయ సంస్థకు పునాది వేసింది. ఇలాంటి కుటుంబాలకు కావలసింది పెద్ద యంత్రాలు కాదు, పగటిపూట తమవాళ్లు వెళ్లి కూర్చోదగ్గ చోటు.

ఆ చోటు ఎలా ఉండాలన్న దానికి నమూనా మరో ఉద్యమంలో ఉంది. 1948లో న్యూయార్క్‌లో మానసిక వ్యాధుల ఆస్పత్రి నుంచి బయటికి వచ్చినవాళ్లు తమకోసం ఫౌంటెన్ హౌస్ అనే ఇల్లు ఏర్పాటు చేసుకున్నారు. అక్కడ పొద్దున అందరూ గుండ్రంగా కూర్చుని ఆనాటి పనులు పంచుకుంటారు. ఫోన్ ఎవరు ఎత్తాలి, కూరగాయలు ఎవరు తరగాలి, వార్తాపత్రిక ఎవరు అచ్చువేయాలి. జీతగాళ్లను కావాలనే తక్కువగా పెడతారు, సభ్యులు చేయకపోతే మధ్యాహ్నం భోజనం లేదు. ఈ పద్ధతి తరువాత మెదడు గాయాలవారి క్లబ్‌హౌస్‌లుగా అమెరికా, కెనడాల్లో పలుచోట్ల వెలిసింది. ఉల్లిపాయ తరిగే చోట గోడ మీద వరుస క్రమం రాసి ఉంటుంది, ఎందుకంటే సగంలో ఆగిపోతే మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో గుర్తుండకపోవచ్చు. చదవలేని సభ్యుడికి పక్కనున్న సభ్యుడు చదివి వినిపిస్తాడు, చదివినవాడు మరిచిపోయినప్పుడు చదవలేనివాడు గుర్తుచేస్తాడు.

1993లో బారీ విల్లర్ అనే పరిశోధకుడి బృందం గాయం తరువాత నలుగురిలో కలిసి బతికే జీవితాన్ని కొలవడానికి పదిహేను ప్రశ్నల పత్రం తయారుచేసింది. దాన్ని దగ్గరగా చూడాలి, అందులో వైద్యం ఊసే లేదు. ఇంట్లో సరుకులు ఎవరు తెస్తారు? వంట ఎవరు చేస్తారు? మీ డబ్బు లెక్కలు ఎవరు చూస్తారు? నెలలో ఎన్నిసార్లు బంధుమిత్రుల ఇళ్లకు వెళ్తారు? మనసు విప్పి చెప్పుకునే ఆప్తులు ఒకరైనా ఉన్నారా? ఆప్తుల గురించిన ప్రశ్నకు లేరని రాసేవాళ్ల సంగతి తలచుకుంటేనే ఆ కాగితం బరువెక్కుతుంది. తెలుగు ఇళ్లలో ఈ పత్రం అచ్చంగా సరిపోదు. మన దగ్గర వంట చేయని మగవాళ్లు గాయం తగలకముందూ చేయలేదు, డబ్బు లెక్క పెద్దకొడుకుదో తండ్రిదో అవుతుంది. ఇక్కడ అడగవలసిన ప్రశ్న వేరు: పెళ్లికి పిలుపు వస్తే అతన్ని తీసుకెళ్తున్నారా, ఇంట్లో ఉంచి తాళం వేస్తున్నారా?

2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణలో సమాజ జీవితంలో పాలుపంచుకోవడాన్ని ఆరోగ్యంలో భాగంగా లెక్కించింది. సూత్రంగా అది పెద్ద మలుపే. ఆచరణలో దాని అందం చూడాలంటే తూర్పు లండన్ హెడ్‌వే శాఖను చూడాలి. అక్కడి చిత్రశాలలో, అంతకుముందు కుంచె పట్టని చాలామంది గాయం తరువాత బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. 2023లో నగరంలోని ప్రసిద్ధ కళాకేంద్రం బార్బికన్‌లో వాళ్ల ప్రదర్శన జరిగింది. అక్కడ గోడలెక్కింది జాలి కాదు, బొమ్మలు.

భారతదేశంలో ఈ చరిత్ర పొట్టిది. జోధ్‌పూర్ పూర్వ రాజవంశానికి చెందిన గజ్‌సింగ్, 2005లో పోలో ఆటలో కొడుకు తలకు తగిలిన గాయం తరువాత 2007లో ఇండియన్ హెడ్ ఇంజురీ ఫౌండేషన్ స్థాపించాడు. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తలకు దెబ్బ తగిలిన పేదవాడికి లక్షల ఖర్చుతో జరిగే శస్త్రచికిత్స అందుబాటులోకి వచ్చింది. ఎన్ని ఇళ్లలో ‘మనిషి దక్కాడు, అదే చాలు’ అన్న మాట ఆ పథకం పుణ్యాన వినిపించిందో. కానీ పథకం రూపకల్పన ఆస్పత్రి చుట్టూ సాగింది. డిశ్చార్జి కాగితం తరువాతి ఏళ్లన్నీ భార్య మీదా తల్లి మీదా పడ్డాయి.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఐదో సెక్షన్‌లో, సమాజంలో అందరితో కలిసి జీవించే హక్కును స్పష్టంగా రాసింది. అదే చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ జాబితాలో మెదడు గాయానికి విడిగా పేరు లేదు. చెయ్యో మాటో పడిపోయినవాళ్లకు ఆ పేరు మీద ధ్రువపత్రం రావచ్చు. జ్ఞాపకమూ చొరవా మాత్రమే పోయినవాడు ఏ వరుసలో నిలబడాలో తేల్చుకోవడమే పెద్ద పని. జిల్లా కేంద్రంలో ఒక వంటగది, ఒక పొడవాటి బల్ల, పొద్దున పనులు పంచుకోవడానికి పదిమంది ఉంటే కరీంనగర్‌లోనైనా కాకినాడలోనైనా ఫౌంటెన్ హౌస్ లాంటి ఇల్లు మొదలవుతుంది. దానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. స్థలం చూపించవలసింది మున్సిపాలిటీలు, మనుషులను పోగుచేయవలసింది ఇప్పటికే ఆస్పత్రి వరండాల్లో ఒకరికొకరు పరిచయమైన ఆ తల్లులూ భార్యలూ.