పంది రూపాయి, చార్మినార్ రూపాయి

జూబ్లీ హిల్స్‌లో మేం అద్దెకుంటున్న ఫ్లాట్‌కి ఆ పార్సిల్ వచ్చిన రాత్రే, కాఫీ పొడి తూచుకునే చిన్న డిజిటల్ త్రాసు మీద పెట్టి చూశాను. 9.6 గ్రాములు. అయిదో జార్జి వెండి రూపాయి 11.66 ఉండాలి. అరిగిపోయిందేమో అనుకోవడానికి లేదు, అక్షరాలు నిన్న అచ్చయినట్టున్నాయి. కోఠీలో పాత నాణేలమ్మే ఒకాయనకి చూపిస్తే చేతిలోకి తీసుకోకుండానే, "ఇది ఏనుగూ కాదు, పందీ కాదు సార్. చైనాది," అన్నాడు.

1911 రూపాయి మీద చక్రవర్తి ధరించిన హారంలో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. దాని తొండం పొట్టిగా ఉండి జనానికి పందిలా కనిపించింది. ముస్లింల నుంచి అభ్యంతరం వచ్చింది. ప్రభుత్వం బయటికి వెళ్లని నాణేల్ని కరిగించి, 1912 నుంచి తొండం సరిచేసింది. అందుకే కలెక్టర్లకి ఆ ఒక్క సంవత్సరం మీద అంత మోజు. నాకూ.

చైనాలో ఇలాంటివి తయారుచేసేవాళ్లు చాలామంది దాపరికం లేకుండా, నకలు అని చెప్పే అమ్ముతారు. ఆ మాట దారిలో ఎక్కడో రాలిపోతుంది. ఫిల్మ్‌నగర్‌లో పీరియడ్ సినిమాకి నాణేల సంచీ కావాలంటే అందులోవీ నకళ్లే, కానీ అవి ఎవర్నీ మోసం చెయ్యవు. అదే వస్తువు చేతులు మారి, ధర పక్కన ఒక సున్నా చేరితే నకిలీ. బొత్తాల పెట్టెంత పార్సిల్ విప్పి, తూచి, ఇది ఎప్పుడు నకిలీ అవుతుందో కనిపెట్టడం ఏ కస్టమ్స్ అధికారి వల్ల అవుతుంది?

కోపంతో చట్టం చదవడం మొదలుపెట్టాను (కోడ్ చదివే అలవాటున్నవాడికి అదేం కష్టం కాదు). 1860 నాటి పీనల్ కోడ్‌లో నాణెం అంటే ప్రస్తుతం డబ్బుగా వాడుకలో ఉన్న లోహం. ఒక్క మినహాయింపు: భారత ప్రభుత్వం ముద్రించినదైతే చెలామణి ఆగిపోయినా అది నాణెమే. ఉదాహరణగా ఫరూఖాబాద్ రూపాయిని చెప్పింది కూడా. అలాంటిదానికి నకిలీని, నకిలీ అని తెలిసీ విదేశం నుంచి తెస్తే యావజ్జీవం దాకా శిక్ష. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన న్యాయ సంహిత ఈ మినహాయింపుని వదిలేసి, 2011 నాణేల చట్టం నిర్వచనాన్ని తీసుకుంది. అందులో నాణెం చట్టరీత్యా చెల్లేదై ఉండాలి. మోసం కేసు పెట్టుకోవచ్చు, అది వేరే.

మా నానమ్మ దాచిన చార్మినార్ రూపాయికైతే ఆ పాత చట్టంలోనూ చోటు లేదు. దాన్ని ముద్రించింది నిజాం ప్రభుత్వం. 1959 తర్వాత అది డబ్బు కాదు.

ఇక్కడే నాకు చరిత్ర విచిత్రంగా తోస్తుంది. అంతకుముందు రూపాయలు చేత్తో కొట్టినవి. హైదరాబాదులోనే కాదు, గద్వాల, నారాయణపేటల్లోనూ టంకశాలలుండేవి. ఏ రెండూ ఒకేలా ఉండవు, సరాఫు వేలితో మీటి విని, గీటురాయి మీద గీసి చెప్పాల్సిందే. 1903లో సైఫాబాద్‌లో టంకశాల వచ్చాక, చార్మినార్ బొమ్మతో యంత్రం మీద ముద్రించిన రూపాయిలు అన్నీ ఒకేలా దిగాయి. కమాను మధ్యలో పాలకుడి పేరులోని తొలి అక్షరం: మహబూబ్ అలీ ఖాన్‌కి మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్‌కి ఐన్. ఒకేలా ఉండటమే దాని భద్రత. ఇప్పుడు యంత్రం కాపీ చేసేదీ ఆ ఒకేలా ఉండటాన్నే. నూట ఇరవయ్యేళ్లు తిరిగి మళ్లీ సరాఫు దగ్గరికే వచ్చాం. కోఠీ పెద్దాయన చేసింది అదే.

నానమ్మ రూపాయి మీద హిజ్రీ 1337 ఉంది, అంటే 1918-19. వందేళ్లు దాటింది కాబట్టి 1972 చట్టం ప్రకారం అది పురావస్తువు. అమెరికాలో ఉన్న మా చెల్లి తీసుకెళ్తానంటే కుదరదు, మనలాంటివాళ్లు దాన్ని దేశం దాటించకూడదు. అసలుది గడప దాటలేదు, నకిలీ మాత్రం ఇంటి తలుపు తట్టి ఓటీపీ అడుగుతుంది.

చెల్లి వాళ్ల దేశంలో 1973 నుంచీ ఒక చట్టం ఉంది. నాణేనికి నకలు చేసినా, దిగుమతి చేసుకున్నా దాని మీద 'కాపీ' అని చెరగకుండా ముద్రించాలి. 2014లో దాన్ని అమ్మేవాళ్లకీ వర్తింపజేశారు. అయినా అక్కడ నకిలీలు ఆగలేదు. కానీ కనీసం లేని ముద్రని వెతుక్కోవచ్చు. నాణేల సేకరణ కోసం అలాంటి చట్టం మనకీ కావాలని నా అభిప్రాయం. న్యాయ సంహిత వదిలేసిన మినహాయింపుని తిరిగి పెట్టి, సంస్థానాల నాణేల్ని కూడా అందులో చేర్చడం ఇంకా తేలిక.

నానమ్మ రూపాయి కూడా తూచాను, కొంచెం భయంగానే. 11.1. లెక్క ప్రకారం 11.18 ఉండాలి, ఆ కాస్తా అరుగుదల. కమానులో ఐన్ కనిపిస్తోంది.

పంది రూపాయిని వెనక్కి పంపలేదు, పారేయలేదు. పర్మనెంట్ మార్కర్‌తో దాని మీద 'నకలు' అని రాసి సొరుగులో వేశాను. వారం తర్వాత తీసి చూస్తే సిరా మొత్తం చెరిగిపోయి ఉంది.